ఎడమ పెట్టెలో నల్ల తీగ

ఈ నల్ల తీగ ఇక్కడెందుకు వేలాడుతోంది, ఇది ట్వీటర్‌కి, ఈ చిన్న స్పీకర్‌కి తగిలించాల్సింది కదా, తగిలించానుగా, లేదు, ఎర్రది తగిలించాను, నల్లది తగిలించబోతుంటే ఫోన్ మోగింది, వయొలిన్ మాస్టారు, దారిలో ఉన్నానమ్మా, స్పీకర్లు అయిపోయాయా, అయిపోయాయండీ వచ్చేయండి అని నేను రెండో చెవిలో వేలు పెట్టుకుని ఫోన్లో నవ్వుతుంటే ఇటు అక్క ఎడమ పెట్టె ఒక్కటీ పెట్టి వినేసింది, ఎలా ఉందే అంది, బాగుందక్కా అనేశాను, బాగుంది, వెనక మూత బిగించేయ్ అంది తను కూడా, ఆగు, ఈ తీగ ఊడి ఉంటే సన్నని శబ్దం ఒక్క ముక్క కూడా బయటికి రాదు, వయొలిన్‌ని దుప్పటి కప్పి వాయించినట్టుంటుంది, నేనంటే వినలేదు, అక్క విన్నది, విని బాగుందంది.

అక్క అంటే ఎవరు, ఫ్యాన్ బేరింగ్ పోతోందని వారం ముందే చెప్పిన మనిషి, పక్క గదిలో నేను స్క్రూ కింద పడేస్తే ఏ స్క్రూనో చెప్పగలిగిన మనిషి, నా చేతులు తన చెవులు, ఈ షాపు నడిచేదే ఆ రెండింటి మీద, నేను సోల్డరింగ్ చేస్తాను, తను విని ఔనో కాదో అంటుంది, మాస్టారు ఈ స్పీకర్లని తెచ్చిందీ తన చెవిని నమ్మే, క్రాసోవర్ బోర్డులో పాత కెపాసిటర్లు ఎండిపోయాయమ్మా, మంచివి వేయండి అన్నారు, పాటలో బరువైన శబ్దాన్ని పెద్ద స్పీకర్‌కీ సన్నదాన్ని ట్వీటర్‌కీ పంచిపెట్టే బోర్డు అది, కొత్త కెపాసిటర్లు లావుగా ఉండి పాతవాటి చోట పట్టక, చెక్కముక్క మీద ప్లాస్టిక్ పట్టీలతో కట్టి నానా తంటాలు పడ్డాను, ఆ తంటాల్లో ఈ తీగ, ఇప్పుడాయన వచ్చి వయొలిన్ మీద విల్లు గీసుకునే చప్పుడు ఎలా ఉందమ్మా అంటారు, వచ్చినప్పుడల్లా అదే అడుగుతారు, అక్క ఏం చెబుతుంది, ఏదో ఒకటి తప్పు చెబితే, ఆయన ముందు, ఈ షాపులో.

మొన్న ఓవెన్ కూత పెడుతుంటే అక్క పక్కనే కూర్చుని కదల్లేదు, నా మీద అలిగిందనుకున్నాను, అలగడానికి కారణం కూడా వెతికి దొరకబుచ్చుకున్నాను, ఇదివరకు కళ్లు మూసుకుని వినేది, ఈమధ్య కళ్లు తెరిచి, సరిగ్గా నా ఎదురుగా స్టూలు వేసుకుని నన్నే చూస్తూ వింటోంది, నా పనిలో తప్పు పట్టడానికే అని లోలోపల ఉడికిపోయాను, పైగా ముందు నన్నే అడుగుతోంది, నీకెలా ఉందే అని, ఓహో నా మాటకీ విలువొచ్చింది అని పొంగిపోయాను, పిచ్చిమొహాన్ని, ఇప్పుడు ఏమని చెప్పాలి, అక్కా నీకు సన్నని శబ్దాలు వినపడటం లేదు అని ఏ నోటితో అనాలి, చిన్నప్పుడు పిలిస్తే పలకలేదని చెవుల్లో దూది పెట్టుకున్నావా అంటూ నా నెత్తిన మొట్టికాయ వేసింది తనే, వద్దు, ముందు తీగ తగిలించు, తర్వాత ఏడుద్దువుగాని.

రెండుసార్లు చేతిలోంచి జారి మూడోసారికి తగిలింది, మూత బిగించేలోపే గుమ్మంలో చెప్పుల చప్పుడు, రండి మాస్టారూ కూర్చోండి అంటోంది అక్క, గొంతులో తేడా ఏమీ లేదు, తీగ సంగతి తనకి తెలియదు, ఈసారి రెండు పెట్టెలూ పెట్టింది, స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది, వయొలిన్ మొదలైంది, నేను విన్నాను, ఎన్నాళ్లకో నిజంగా విన్నాను, విల్లు గీసుకోవడం, వాయించేవాడి ఊపిరి, అన్నీ ఉన్నాయి, కానీ పై స్వరానికి వెళ్లేసరికి సూదిలా ఏదో గుచ్చింది, నా నుదురు ముడిపడి ఉంటుంది, విల్లు చప్పుడు ఎలా ఉందమ్మా అన్నారు మాస్టారు, అక్క ఆయన వైపు తిరగకుండానే, పైన కాస్త గుచ్చుకుంటోంది మాస్టారూ, ఒక రెసిస్టర్ మార్చాలి, కాసేపు కూర్చోండి అంది, నేనూ అదే అనబోతున్నా, చెవంటే మీదేనమ్మా అని ఆయన మురిసిపోయారు, అక్క నవ్వలేదు, నా ముఖం మీంచి చూపు తీయలేదు, సరిగ్గానే చెప్పానా అన్న భయం ఆ కళ్లలో, నేను మెల్లగా తల ఊపాను, నా కళ్లు నిండిపోయాయి, అక్కకి తెలుసు, ఎప్పటినుంచో తెలుసు, తను ఇన్నాళ్లూ వింటున్నది నా ముఖాన్ని, నేను బాగుందంటేనే తను బాగుందంటోంది, ఇక నేను వినకుండా ఆ మాట అనకూడదు.