ఎలుగుబంటి తుమ్మింది

మా అత్తయ్య ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆవిడను వదిలింది కానీ ఆవిడ ఉద్యోగాన్ని వదల్లేదు. చలికాలం వచ్చిందంటే మా ఇల్లే వార్డు. గుమ్మంలో సబ్బు పెడతారు. చేతులు కడుక్కోనివాళ్ళకు మంచినీళ్ళు కూడా పుట్టవు. తుమ్మినవాళ్ళు నోరెత్తకుండా వెనక గదిలోకి వెళ్ళాలి, తగ్గేదాకా పిల్లకు ఎదురుపడకూడదు. దుమ్ము వల్ల తుమ్మానంటే నమ్మరు. మా ఆయన మిరియాలు దంచుతూ తుమ్మితే ఆయన్నీ లోపలికి తోసి, భోజనం కిటికీలోంచి ఇచ్చారు. నాకు ఒళ్ళు మండేది కానీ పిల్ల కోసం ఊరుకునేదాన్ని.

పిల్ల అంటే నా కూతురు. బుడంకాయ అని పిలుస్తాం. పోయినేడు బడిలో పరుగుపందెం నాడు దానికి జలుబు చేసి, రోజంతా కిటికీ పట్టుకుని ఏడ్చింది. ఈసారి అలా కాకూడదని చెప్పినన్నాళ్ళూ స్వెట్టరు వేసుకుంది, ఇచ్చినన్నిసార్లూ వేడిపాలు తాగింది. నాయనమ్మ ఈల వేస్తుంటే భోజనాల బల్ల చుట్టూ పరిగెత్తి పరిగెత్తి, నా కుట్టుమిషను తీగ రెండుసార్లు పీకేసింది.

తీరా పందెం రోజు పొద్దున, మనవరాలికి మఫ్లరు చుట్టబోతూ అత్తయ్య మోచేతిలోకి ముఖం తిప్పుకుని తుమ్మారు.

"దుమ్ము," అన్నారు.

"దుమ్మయినా సరే, వెనక గది అటు, అత్తయ్యా," అన్నాను. ఇన్నేళ్ళకు దొరికారు. ఆ మాట అనడంలో ఎంత హాయి ఉందో చెప్పలేను.

ఆవిడ వెళ్ళి తలుపేసుకున్నారు. బుడంకాయ బూట్లు విప్పేసి నేలమీద చతికిలబడింది.

"నాయనమ్మ రాకపోతే నేను పరిగెత్తను."

"నేనొస్తా కదే."

"నీకు ఈల రాదుగా."

బతిమాలాను, కసిరాను. గుర్రం గుగ్గిళ్ళు తింటున్నట్టు తలూపింది కానీ బూటు తొడగలేదు. నా హాయి కాస్తా నీరుగారిపోయింది. అంతలో తలుపు సందులోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"ఏమ్మా, నాటకం వాళ్ళకి కుట్టిన ఎలుగుబంటి వేషం ఉందే, దాని తల్లోంచి గాలి బయటికొస్తుందా?"

"రాదండీ. వేసుకున్నవాడే ఊపిరాడక చస్తున్నాడు."

"అయితే ఇలా ఇవ్వు."

అలా మేం బడికి బయల్దేరాం. ముందు బుడంకాయ, వెనక నేను, పది అడుగుల దూరంలో ఎలుగుబంటి. దారిలో కుక్కలు మొరగడం మానేసి ఆలోచనలో పడ్డాయి.

మైదానంలో అత్తయ్య ఎవరికీ తగలకుండా పరుగు మొదలయ్యే గీత వెనకాల గోడవార నిలబడ్డారు. పిల్లలంతా ముందుకు చూస్తూ వరసగా నిలుచున్నారు. మాస్టారు చెయ్యెత్తారు. అప్పుడు ఎలుగుబంటి తుమ్మింది. ఆ బోలు తలలోంచి వచ్చిన చప్పుడు అడవిలో కూడా ఎవరూ విని ఉండరు. పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. ఇక చూడాలి పరుగు. ముగింపు గీత దాటారు, గేటు దాటారు. మాస్టారే రెండో స్థానంలో ఉన్నారు.

మా బుడంకాయ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతూ, తీరిగ్గా, అందరికన్నా చివర గీత దాటింది.

అత్తయ్య రుసరుసలాడుతూ వచ్చి దూరంగా ఆగారు. "వార్డు వార్డంతా నన్ను చూసి హడలిపోయేది. వెనక నేనున్నానన్న భయమైనా లేదటే నీకు?"

"నువ్వుంటే భయమెందుకు, నాయనమ్మా?" అంది బుడంకాయ.

ఎలుగుబంటి గిరుక్కున అటు తిరిగింది. తర్వాత లోపల ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినిపించింది. నేను దగ్గరికి వెళ్ళబోతే బొచ్చుచెయ్యి అడ్డం పెట్టింది.

"జలుబు," అంది ఎలుగుబంటి.