అంగుళానికి ఆరు

ఒకే స్వెటర్‌ను రెండు చేతులకు పంచడంతోనే చిక్కు వచ్చిపడింది. నర్సుగా పనిచేసే అమ్మకు కొండమీది ఆసుపత్రికి బదిలీ అయింది, ఆదివారం ప్రయాణం. ఆమెకోసం చేతుల్లేని ఉన్ని స్వెటర్ అల్లుదామని అమ్మమ్మ అనగానే, ముందు భాగం తనదేనని ఏడో తరగతి చదివే మనవరాలు పట్టుబట్టింది. ఇద్దరూ చెరి తొంభై కుట్లతో మొదలుపెట్టారు.

బుధవారం సాయంత్రం అమ్మమ్మ తాను ముగించిన వెనుక భాగాన్ని మంచం మీద పరిచి, దానిపై మనవరాలు అల్లిన జానెడు ఎత్తు ముక్కను పెట్టి టేపుతో కొలిచింది. వెనుకది పద్దెనిమిది అంగుళాల వెడల్పు; ముందుది పదిహేనే.

"కుట్లు జారవిడిచావేమే?"

"లేదమ్మమ్మా! రెండుసార్లు లెక్కపెట్టా. తొంభయ్యే."

అమ్మమ్మ ముక్కను లాగి చూసి నవ్వింది. "నీవి వేళ్లు కావే తల్లీ, పట్టకారు. ఉన్నికి ఊపిరాడనిస్తేగా!"

"వదులుగా అల్లుతాలే" అని నాలుగు వరసలు ప్రయత్నించింది మనవరాలు. రెండో వరసకే చెయ్యి పాత దారి పట్టింది. అల్లిక ఒకచోట వలలా, మరొకచోట చాపలా తయారైంది.

"ఇటివ్వు, నేనే కానిచ్చేస్తా. మీ అమ్మకు కావలసింది స్వెటరు, నీ సంతకం కాదు."

మనవరాలు సూదులను వీపు వెనుక దాచుకుంది. కళ్లు చెమర్చాయి. "ముందుది నేను చేస్తున్నానని అమ్మకు చెప్పేశా."

అమ్మమ్మ మెత్తబడింది. "సరే, విప్పి మళ్లీ మొదలుపెట్టు. మూడంగుళాలు తగ్గిందా? అంగుళానికి ఐదు కుట్లు. పదిహేను ఎక్కువేసుకో."

నూట ఐదు అని కాగితం మీద రాసిన మనవరాలికి ఎందుకో పెన్సిల్ ఆగిపోయింది. బడిలో ఏకవస్తు పద్ధతి లెక్కల్లో ఆమెకు ఎప్పుడూ పూర్తి మార్కులే. కానీ అక్కడ ఒక పుస్తకం వెల, ఒక పండు బరువు అందరికీ ఒక్కటే. ఇక్కడ మంచం మీద ఉన్నవి రెండు వేర్వేరు అంగుళాలు. తన ముక్క మీద టేపు ఆనించి ఒక్క అంగుళంలోని కుట్లను సూదిమొనతో లెక్కపెట్టింది. ఆరు.

"అమ్మమ్మా, ఆ పదిహేనూ అల్లేదెవరు?"

"నువ్వే. పక్కింటావిడ వస్తుందా?"

"మరి నా చేతిలో అవీ బిగుసుకుంటాయిగా! రెండున్నర అంగుళాలే వస్తాయి. నాకు అంగుళానికి ఆరు. పద్దెనిమిది అంగుళాలకు నూట ఎనిమిది వేయాలి."

అమ్మమ్మ కళ్లజోడు పైకి తోసుకుంది. "నలభై ఏళ్ల నుంచీ అల్లుతున్నా. నా చెయ్యే లోకమనుకున్నానే!"

అల్లినదంతా విప్పడానికి పావుగంట పట్టింది. గంటకు రెండంగుళాల చొప్పున, ఇరవై అంగుళాల ఎత్తుకు పది గంటలు. వాటిని మనవరాలు శనివారం వరకూ సర్దుకుంది. వరసల లెక్క కూడా ఇద్దరికీ కుదరదని గ్రహించి ఎత్తును టేపుతోనే కొలుచుకుంది.

శనివారం సాయంత్రం అమ్మమ్మ పక్కలు కలిపి కుట్టింది. అంచుకు అంచు సరిపోయింది. అమ్మ స్వెటర్ తొడుక్కుని అద్దం ముందు చేతులెత్తి, ఇటూ అటూ తిరిగింది.

"ముందు భలే వెచ్చగా ఉందే! వెనకమాత్రం కాస్త గాలాడుతోంది."

"నన్నే కదూ దెప్పుతున్నావు?" అంది అమ్మమ్మ.

అమ్మ మాత్రం కూతురు అల్లిన ముందు భాగాన్ని అరచేత్తో నిమురుకుంటూ, స్వెటర్ విప్పకుండానే భోజనానికి కూర్చుంది.