కొంగలు గెలిచిన శనివారం

నేను ఒక టూ-ఇన్-వన్‌ను. రేడియో, టేప్‌రికార్డర్ ఒకే ఒంట్లో ఇమిడిన యంత్రాన్ని. ఒకప్పుడు మీ ఇళ్ళలోనూ నా చుట్టాలు ఉండేవారు. వాళ్ళమీద అల్లిక గుడ్డ కప్పి, పిల్లల చెయ్యి తగలకుండా చూసుకునేవారట. నాకంత మర్యాద జరగలేదు. జపాన్‌లో ఒక ఫ్యాక్టరీలో పుట్టి, ఓడెక్కి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ చేరాను. అక్కడ వారెన్‌బీ అనే పేటలో ట్రామ్ నడిపే క్లెమ్ బ్రాడీ నన్ను కొని, భార్య రోమాకి పుట్టినరోజు కానుకగా ఇచ్చాడు. ఆవిడ నన్ను వంటింట్లో రొట్టెల డబ్బా పక్కన పెట్టింది. ఆ రొట్టెపొడి నా స్పీకరు జల్లెడలో ఇప్పటికీ ఉంది.

రోమాకి ఫుట్‌బాల్ ప్రాణం. అది మీరెరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, బంతి కోసం ఎదుటివాడి భుజాలమీదికి ఎగిరి ఎక్కవచ్చు. మైదానం చివర నాలుగు స్తంభాలుంటాయి. నడిమి రెండింటి మధ్య నుంచి తంతే గోల్, ఆరు పాయింట్లు. గురి కాస్త తప్పి పక్క సందులోంచి పోతే, పోనీలే పాపం అన్నట్టు ఒక పాయింటు ఇస్తారు.

వారెన్‌బీ జట్టు పేరు కొంగలు. కొంగజపం అంటే మీరు దొంగజపం అంటారు. ఆ పేట జనానిది మాత్రం నిజమైన జపమే. తాతల కాలం నుంచి ఒంటికాలి మీద నిలబడి చూశారుగాని ఒక్క చేపా చిక్కలేదు. అయినా శనివారం వచ్చిందంటే రోమా గోధుమరంగు కోటు తొడుక్కుని, ఫ్లాస్కులో టీ పోసుకుని బయల్దేరేది. గోల్‌స్తంభాల వెనక, వర్షం పడితే తడిసే చోట, కటకటాల దగ్గర నిలబడేది. సాయంత్రం గొంతు పోగొట్టుకుని వచ్చేది.

క్లెమ్‌కి ఆ ఆటంటే ఆసక్తి ఏమీ లేదు. ఒక బంతి కోసం అంతమంది కొట్టుకోవడమెందుకు, తలా ఒకటి ఇస్తే పోలేదా అనేవాడు. అది పాత జోకే అయినా రోమా ప్రతిసారీ నవ్వేది.

ఒక ఏడాది కొంగలు ఫైనల్‌కి వచ్చాయి. పేటంతా బాల్కనీలకి జెండాలు కట్టుకుంది. రోమా రెండు టిక్కెట్లు సంపాదించి, ఒక్కసారి నాతో రా అని భర్తను అడిగింది. ఆ రోజు మైదానానికి జనాన్ని చేరవేసే ట్రామ్‌లన్నీ నడవాలి, సెలవు దొరకదన్నాడు. అడిగితే దొరికేదేమో. ఆయన అడగలేదని నాకు తెలుసు, ఎందుకంటే టెలిఫోన్ నా పక్కనే ఉండేది.

తాను రాకపోయినా భార్య కోసం ఒక పని చేశాడు. కొత్త క్యాసెట్ తెచ్చి నాలో పెట్టి, ఆట సగమయ్యాక రికార్డింగుకి ఏ బొత్తాం నొక్కాలో తన తల్లికి నేర్పి డ్యూటీకి వెళ్ళాడు. ఆవిడ నా ముందే కుర్చీ వేసుకుని కూర్చుంది. రేడియోలో బొంగురు గొంతు వ్యాఖ్యాత చెబుతున్నదంతా నేను టేపుమీదికి ఎక్కించాను. నడుమనడుమ ముసలావిడ దగ్గూ ఎక్కింది.

ఎదుటిది ఓడరేవు పేట జట్టు. ఆట ముగిసే వేళకి ఇద్దరివీ సరిసమానమైన పాయింట్లు. బంతి డార్సీ క్విల్టీ అనే కుర్రవాడి చేతికి చిక్కింది. గోలుకి ఎదురుగా ఉన్నాడు. తన్నాడు. గురి తప్పింది. పక్క సందులోంచి పోయింది. ఒక్క పాయింటు. వెంటనే ఆట ముగిసినట్టు సైరన్ మోగింది. కొంగలు తమ చరిత్రలో గెలిచిన ఒకే ఒక్క కప్పు, గురి తప్పిన తన్నుతో గెలిచాయి. మనుషుల ఆనందానికి కారణాలు వెతకకూడదని ఆ రోజే నాకు అర్థమైంది.

ఆ తరవాత జట్టు మళ్ళీ ఓటములకు అలవాటు పడింది. జనం తగ్గారు. కొన్నేళ్ళకు పైనున్న పెద్దలు ఎక్కడో ఉత్తరాన ఉన్న నగరానికి జట్టును తరలించి, పేరు మార్చి, చొక్కాల మీది కొంగను చెరిపేశారు. రోమా పేటవాళ్ళతో కలిసి మైదానం గేటు ముందు వానలో కూర్చుంది. పెద్దలెవరూ వచ్చి పలకరించలేదు. చివరి ఆటనాడు కొంగలు ఘోరంగా ఓడినా ఒక్కరూ ఇంటికి పోలేదట. గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని తలా కొంత మట్టి తవ్వుకున్నారు. రోమా తెచ్చిన గడ్డిపెళ్ళను పెరట్లో నాటింది. ఆ వేసవి ఎండకి అది మాడిపోయింది. అది మాడిన మర్నాడే నన్నూ, ఆ క్యాసెట్‌నూ ఒక అట్టపెట్టెలో పెట్టి షెడ్డులోకి పంపింది. ఇంకెప్పుడూ ఆ ఆట ఊసెత్తలేదు.

చాలా ఏళ్ళు నేను ఆ చీకట్లో ఉన్నాను. బయటికి తీసినప్పుడు చూస్తే క్లెమ్ ముసలివాడయ్యాడు. జుట్టంతా నెరిసింది. నా మీది దుమ్ము తుడుస్తూ కూతురు జెనీన్‌కి ఫోన్‌లో చెబుతుంటే జరిగినదంతా విన్నాను.

రోమాకి మతిమరుపు జబ్బు వచ్చింది. ఈ మధ్యవన్నీ పోయాయి, పాతవి మిగిలాయి. మిగిలినవాటిలో శనివారం ఒకటి. శనివారం పొద్దున్నే కోటు తొడుక్కుని వీధి తలుపు దగ్గర నిలబడుతోంది. మ్యాచ్‌కి వేళైంది, తలుపు తియ్యమంటోంది. మొదట క్లెమ్ నిజమే చెప్పాడు. కొంగలు లేవు రోమా, జట్టును తీసుకుపోయారు, మైదానంలో అపార్ట్‌మెంట్లు కట్టారు అన్నాడు. ఆవిడ ఆ మాట అప్పుడే తొలిసారి విన్నట్టు కూలబడి ఏడ్చింది. వచ్చే శనివారానికి మరిచిపోయింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ ఏడ్చింది. ఒకే చావు కబురు ప్రతివారమూ తానే మోసుకొచ్చి చెప్పినట్టుందని జెనీన్‌తో అన్నాడు.

పోయిన శనివారం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆవిడ తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. వెతగ్గా వెతగ్గా పాత మైదానం ఉన్నచోట, అపార్ట్‌మెంట్ల కార్లు తిరిగే దారి నడుమ దొరికింది. స్తంభాలు ఎవరు పీకేశారని వచ్చే పోయే కార్లను ఆపి అడుగుతోంది. క్లెమ్ చెయ్యి పట్టుకుంటే కొట్టింది.

"నా వల్ల కావట్లేదే," అన్నాడు కూతురితో. "మీ అమ్మని ఇంట్లో పెట్టి తాళం వేసుకుంటున్నాను. కిటికీలోంచి చూస్తా నిలబడుతోంది, జైల్లో పెట్టినట్టు."

ఆ శనివారం మధ్యాహ్నం ఆయన నాకు కొత్త బ్యాటరీలు వేసి, క్యాసెట్ పెట్టి, వంటింటి బల్ల మీద ఉంచాడు. ఇంత కాలం తరవాత నా గొంతు పెగులుతుందో లేదో నాకే తెలియదు. పెగిలింది. బొంగురు వ్యాఖ్యాత మాట వినగానే తలుపు దగ్గరున్న రోమా వెనక్కి తిరిగింది. కోటుతోనే వచ్చి కూర్చుంది. క్విల్టీ తన్నిన బంతి పక్కకి పోగానే రెండు చేతులూ పైకెత్తింది. తరవాత కోటు విప్పి, ఆకలేస్తోందంది.

ఆనాటి నుంచి ప్రతి శనివారం మాకు అదే ఆట. కొంగలు ప్రతివారమూ గెలిచేవి. ఎప్పుడూ ఓడే జట్టుకి ఆ వంటింట్లో ఓటమన్నదే లేదు. నిజం పలికినన్నాళ్ళూ ఏడిపించిన క్లెమ్, పాత నిజాన్ని కొత్తదిగా వినిపించి భార్యకి ఒక పూట నెమ్మది కొనిచ్చాడు.

అయితే టేపుకీ ఆయుష్షుంటుంది. ఒక శనివారం చివరి భాగం మొదలవగానే గొంతు సాగి, వంకరపోయి, టేపు నా లోపలి చక్రాలకు చుట్టుకుని తెగింది. క్లెమ్ స్క్రూడ్రైవర్ తెచ్చి నన్ను విప్పాడు. నలిగి మడతలుపడ్డ రిబ్బను ఆయన వేళ్ళకు మూరలు మూరలుగా వచ్చింది. బాగుచెయ్యడం ఎవరివల్లా కాదని చూడగానే తెలుస్తోంది.

రోమా లేచింది. ఏమైంది, ఆట ఎందుకు ఆపేశారంది. తలుపు దగ్గరికి వెళ్ళి పిడి గుంజింది. తాళం ఉంది. అరచేతులతో తలుపు బాదడం మొదలుపెట్టింది. వాళ్ళు నా కోసం చూస్తుంటారు, నేను లేకపోతే ఓడిపోతారని ఏడుస్తోంది. క్లెమ్ ఆవిడ వెనక నిలబడి రోమా, రోమా అంటున్నాడు. ఆ పిలుపు ఆవిడ చెవికెక్కడం లేదు. చేతిలో టేపు ముద్దతో ఆయన గోడకి ఆనుకుని కిందికి జారాడు. కాసేపు మనుషులిద్దరి ఏడుపూ విన్నాను.

తరవాత ఆ నేలమీంచే ఆయన మొదలుపెట్టాడు.

"ఓడరేవు వాళ్ళు రెండు గోల్స్ ముందున్నారు. గాలి వాళ్ళవైపే ఉంది. కానీ ఇదిగో, కొంగలు కదిలాయి."

బొంగురు గొంతు కాదు, సన్నటి ముసలి గొంతు. మాటలు మాత్రం అక్షరం పొల్లుపోలేదు. ఆటంటే గిట్టనివాడు, వారం వారం విని విని మొత్తం కంఠతా పట్టేశాడు. ఎవరి చేతినుంచి ఎవరి చేతికి, ఎవరు జారిపడ్డారు, ఎక్కడ జనం హోరెత్తారు, అన్నీ చెప్పుకుపోతున్నాడు. తలుపు బాదుడు ఆగింది. రోమా వచ్చి బల్ల దగ్గర కూర్చుని నా వంకే చూస్తోంది. మూత లేక, పేగులు బయటపడి ఉన్న నావంక.

ఒకచోట ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఇక్కడ దగ్గు రావాలి," అంది.

క్లెమ్ చిన్నగా దగ్గాడు. అచ్చం వాళ్ళమ్మలాగే. ఆవిడ తలూపింది. ఆట సాగింది. క్విల్టీ తన్నాడు. గురి తప్పింది. సైరన్ కూత కూడా క్లెమ్ నోటితోనే కూశాడు. రోమా చేతులు పైకెత్తింది. ఆ తరవాత నేలమీద కూర్చున్న మనిషిని మొదటిసారి చూసినట్టు చూసింది. వాళ్ళ భాషలో నువ్వుకీ మీరుకీ ఒకటే మాట. అయినా గొంతులో తేడా నాకు తెలుస్తుంది.

"మీరు బాగా చెప్పారండీ. ఆ రోజు మీరూ వచ్చారా?"

క్లెమ్ తలెత్తి, "వచ్చాను. నీ పక్కనే ఉన్నాను," అన్నాడు.

"లేదండీ, నా పక్కన ఎవరూ లేరు," అంది ఆవిడ మర్యాదగా. "అది మా ఆయన చోటు. ట్రామ్ డ్యూటీ ఉందన్నాడు, అయినా మనసు మార్చుకుని వస్తాడేమోనని ఎవర్నీ నిలబడనివ్వలేదు. ఎంతమంది అడిగారో. చివరిదాకా ఇవ్వలేదు."

ఆయన లేచి, ఆవిడ కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు.

చలికాలం వచ్చేసరికి ఆవిడను సంరక్షణ గృహంలో చేర్చక తప్పలేదు. క్లెమ్ నన్ను సంచిలో పెట్టుకుని ప్రతి శనివారం వెళ్ళేవాడు. నాలో టేపు లేదు, బ్యాటరీ లేదు. నన్ను బల్ల మీద పెడితే తప్ప ఆవిడ వినదు. నేను ముందుండేదాన్ని, ఆయన వెనక కూర్చుని ఆట చెప్పేవాడు. హాలులో మిగతా ముసలివాళ్ళు కుర్చీలు జరుపుకుని చుట్టూ చేరేవారు. వాళ్ళలో పెంగిల్లీ అనే ఆయన పుట్టుకతో ఓడరేవు పేటవాడు. తన జట్టు ప్రతివారమూ ఒక్క పాయింటుతో ఓడిపోతుంటే పళ్ళు బిగించి వినేవాడు, అయినా లేచిపోయేవాడు కాదు.

రోమాలో చేతులెత్తడం పోయింది. తరవాత తలూపడం పోయింది. చివరి శనివారం కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి. క్లెమ్ దగ్గుదగ్గర ఆగి ఎదురుచూశాడు. ఆవిడ ఏమీ అడగలేదు. తానే దగ్గి, సైరన్ దాకా చెప్పి, "గెలిచాం రోమా," అన్నాడు. ఆ వారంలోనే ఆవిడ పోయింది.

ఆ చివరి శనివారం నన్ను హాల్లోనే మరిచి వెళ్ళిన క్లెమ్, తీసుకుపోవడానికని మళ్ళీ అక్కడికి వచ్చిన రోజూ శనివారమే. కుర్చీలు వేసి ఉన్నాయి. అందరూ కూర్చుని ఉన్నారు. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. వెంట వచ్చిన జెనీన్ భుజం పట్టుకుంటే వచ్చి నా వెనక కూర్చున్నాడు. అప్పుడు పెంగిల్లీ ముందుకు వంగాడు.

"క్లెమ్, ఏమీ అనుకోకు," అన్నాడు. "ఆవిడ ఉన్నన్నాళ్ళూ నేను నోరెత్తలేదు. ఇప్పుడు వినేవాళ్ళం మేమే కదా. ఒక్కసారి ఆ బంతిని పోనివ్వకయ్యా. మా వాడెవడో చెయ్యి అడ్డం పెట్టాడని చెప్పు. ఎనభై ఏడేళ్ళు నాకు. మళ్ళీ ఎప్పుడు చూస్తాను?"

అతని కళ్ళలో నీళ్ళున్నాయి. ఎవరూ నవ్వలేదు. క్లెమ్ నా మూతలేని ఒంటివంక చూశాడు.

"నా చేతుల్లో ఉంటే ఇచ్చేవాణ్ణే," అన్నాడు. "కానీ నేను ఆ రోజు వెళ్ళలేదు పెంగిల్లీ. వెళ్ళింది ఆమె. స్తంభాల వెనక నిలబడి కళ్ళారా చూసింది. చూడనివాణ్ణి, నేనెట్లా మార్చను?"

పెంగిల్లీ నెమ్మదిగా తలూపి, కుర్చీలో వెనక్కి వాలాడు. క్లెమ్ గొంతు సవరించుకున్నాడు.

"ఓడరేవు వాళ్ళు రెండు గోల్స్ ముందున్నారు," అని మొదలుపెట్టాడు. "గాలి వాళ్ళవైపే ఉంది."