ఒంటి మీద రుతువులు

ఆకులేనా ఇవి, ఆకులే అంటున్నాడు గడ్డం విమర్శకుడు, బొమ్మలో చెట్టుకు ఆనుకుని నిలబడిన ఈ స్త్రీయే ప్రకృతి, చూడండి, ఎడమ భుజం మీద ఊదా ఆకులు, మోచేతి దగ్గర పచ్చవి, మణికట్టు మీద పండుబారినవి, ఒకే చేతి మీద అన్ని రుతువులూ, తల తిప్పి వసంతం దారి చూస్తోంది అంటున్నాడు, అందరూ తలలూపుతున్నారు, నేనూ ఊపాను, అక్క గీసిన బొమ్మలకు మొదటి ప్రదర్శన, సంతోషించాలి కదా, మరి నా చూపు ఆ ఆకుల దగ్గరే ఎందుకు ఆగుతోంది, గ్యాలరీలో ఏసీ పనిచేయడం లేదు, అందరి మెడలూ చెమటతో తడిశాయి, అక్క మాత్రం మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుంది, ఆమె ఎడమ భుజం మీద బావ చెయ్యి, నేను వచ్చినప్పటి నుంచీ అది అక్కడే ఉంది, ఏం మరదలా, ఆకులు లెక్కపెడుతున్నావా అని నవ్వాడు బావ, దీనికి బొమ్మంటే క్యాలెండరేనండీ అన్నాడు విమర్శకుడితో, అదైనా తేదీ చెబుతుంది కదా బావా అన్నాను, అందరూ నవ్వారు, అక్క నవ్వలేదు, నన్ను చూసి బొమ్మను చూసింది, మళ్లీ నన్ను చూసింది, నిన్న ఫోన్‌లోనూ ఇంతే, పనులు మానుకునైనా రావే, దగ్గరగా నిలబడి చూడు అంది, ఇంకేదో అనబోయింది, ఎవరితో మాట్లాడుతున్నావని వెనక నుంచి బావ గొంతు, ఫోన్ కట్ అయింది.

దగ్గరికి జరిగాను, ఈ ఆకులకు ఈనెలు లేవు, తొడిమలు లేవు, చర్మం లోపలి నుంచి తేలినట్టున్నాయి, అద్భుతమైన ఊహ అంటున్నాడు విమర్శకుడు, ఊహా, మా అక్కకా, ఎదురుగా లేనిది గీయడం చేతకాదని డ్రాయింగ్ మాస్టారు ఎన్ని చీవాట్లు పెట్టారు, ఏనుగును గీయమంటే ఏదండీ ఏనుగు అని అడిగిన మనిషి, నేను సైకిల్ మీంచి పడితే కిటికీలో కూర్చోబెట్టి, కదిలావంటే చంపుతానే అంటూ కమిలిన నా మోకాలు గీసింది, మానేదాకా గీస్తూనే ఉంది, ముందు ఊదా, తర్వాత ఆకుపచ్చ, చివరికి పసుపు, మోకాలు కాదే ఇది, తోట అని అమ్మ నవ్వింది.

ఊదా, ఆకుపచ్చ, పసుపు.

భుజం మీద ఊదావి నాలుగు వరసగా, పక్కన పొట్టిది ఒకటి, బావ చేతి వైపు చూశాను, నాలుగు వేళ్లు, బొటనవేలు, అదే భుజం, ఇక ఇంటికి బయల్దేరదామా అంటూ ఆ వేళ్లు బిగిశాయి, అక్క కింది పెదవి పళ్ల మధ్య నలిగింది, ఇప్పుడు వెళితే, ఆ ఇంటి తలుపు మూసుకుంటే, నా కాళ్లు అప్పటికే నడిచాయి, అక్క ఇవాళ మా ఇంటికి వస్తోంది బావా, ఎందుకట, బావ గొంతు మెత్తగానే ఉంది, చెయ్యి మాత్రం కదల్లేదు, ఆ చెయ్యి తియ్యి అన్నాను, నా గొంతు ఇంత పెద్దదని నాకే తెలియదు, గదిలో అందరూ ఇటు తిరిగారు, ఛీ, ఏంటే ఈ గోల అంటూనే వేళ్లు వదిలాడు, అక్క చెయ్యి నా చేతిలోకి వచ్చింది, చల్లగా, వదలనంత గట్టిగా, వసంతమట, పిచ్చి విమర్శకుడు, అక్క ఇన్నాళ్లూ చూసింది నా దారి.