ఏడుకొండలు దిగితే జరిగే కొల్లేరు

తెల్లారితే చాలు, లంకలో జనం బుట్టలు పట్టుకుని ఏడుకొండలు గుమ్మం ముందు చేరేవారు. అతను కొల్లేట్లో కాలు పెడితే నీళ్ళు పావు మైలు వెనక్కి జరిగేవి. బురదలో కొట్టుకునే కొరమేనుల్ని, జెల్లల్ని ఏరుకుని, "చల్లగా ఉండు నాయనా" అంటూ అందరూ ఇళ్ళకు పోయేవారు. అతనికి పెళ్ళయిన మూడో నెల నుంచీ ఇదే వరస.

"కొల్లేరే దారిస్తోందంటే మావాడి మగతనం అలాంటిది మరి," అని తల్లి గంగారత్నం రేవులో గొప్పలు పోయేది. ఆ మాట వింటే ఏడుకొండలుకి ఒళ్ళు మండిపోయేది. ఏం మగతనం, తన మొహం! ఆరేళ్ళయింది, భార్య కాంతం దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ఒళ్ళు మొండికేసేది. తాడేపల్లిగూడెం సంతలో కొన్న లేహ్యం నలభై రోజులు తిన్నాడు. కడుపు పాడైంది తప్ప ఒరిగిందేమీ లేదు. ఆ ఉక్రోషమంతా కాంతం మీద చూపించేవాడు. కూరలో ఉప్పెక్కువైందని కంచం తోసేసేవాడు. రానురాను పడక అరుగు మీదికి మార్చేశాడు.

ఊరేమో కాంతాన్ని గొడ్రాలంది. పెద్దింట్లమ్మ గుడి చుట్టూ తడిబట్టలతో పొర్లించింది. మోచేతులు చీరుకుపోయి ఆమె ఇంటికొస్తే, ఏడుకొండలు వల బాగుచేసుకుంటూ తల దించుకున్నాడు. ఆమె గాయాలకు పసుపు అద్దుకుని, అతనికే అన్నం వడ్డించింది. అదే అతన్ని మరీ కాల్చుకుతింది.

చివరికి గంగారత్నం పక్క లంక జోగయ్య కూతుర్ని రెండో పెళ్ళికి మాట్లాడింది. "కొల్లేరే జంకే మగాడికి కాక ఇంకెవరికిస్తాను?" అన్నాడట జోగయ్య. తాంబూలాలనాడు పొద్దున్నే కాంతం బట్టలు మూటగట్టుకుంది. భీమడోలులో బెజవాడ రైలెక్కి పుట్టింటికి వెళ్ళిపోవాలి.

జోగయ్య వాళ్ళ దోనె పడవలు కనబడగానే ఏడుకొండలు రేవులోకి దిగాడు. కొల్లేరు జరిగింది. అతను ఆగకుండా నడిచాడు. మూడు దోనెలూ బురదలో కూరుకుపోయాయి.

"ఇదేం మర్యాదయ్యా అల్లుడూ?" అన్నాడు జోగయ్య.

"మీ పిల్లని నాకివ్వకండి జోగయ్యగారూ. లోపం కాంతానిది కాదు, నాది. ఆరేళ్ళుగా నేను దానికి మొగుణ్ణి కాలేదండీ."

రేవులో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా చెప్పాడు. జోగయ్య తాంబూలాల పళ్ళెం మీద తువ్వాలు కప్పి, దోనెలు వెనక్కి లాగించుకున్నాడు. గంగారత్నం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

కాంతం మూటతోనే బురదలోకి దిగి అతని దగ్గరకొచ్చింది.

"లంకంతటికీ చెప్పావు. నాతో చెప్పడానికేమైంది మావా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పనే?"

"అది లేకపోతే పోయింది. లోపలికొచ్చి పక్కన పడుకోవచ్చుగా? నాకు మనిషే లేకుండా చేశావు కదా."

ఏడుకొండలు ఆమె చేతిలోంచి మూట తీసుకున్నాడు.