టోలుగేటు కాలు

నా మనవరాలినీ మనవడినీ చూస్తే ఎవరికైనా ముందు కళ్ళు తిరుగుతాయి, ఆ తర్వాతే ముచ్చటేస్తుంది. మనవరాలిని బొంగరం అంటాం, దాని తమ్ముణ్ణి మిడత అంటాం. బడికి పంపకుండా నా కూతురే ఇంట్లో చదువు చెబుతుంది. ఎక్కాలు మెట్లెక్కుతూ అప్పజెబుతారు, ఖండాల పేర్లు మంచం మీంచి దూకుతూ నేర్చుకుంటారు. చిక్కంతా రాత దగ్గరే. కాగితం ముందు పెట్టామా, ఇద్దరూ మాయం.

సరిగ్గా అప్పుడే చదువుల ఆఫీసు నుంచి కబురొచ్చింది. రెండు నెలలయ్యాక ఒక సోమవారం అధికారిణి వస్తుందట. పిల్లలు సొంతంగా అల్లి, తమ చేత్తో రాసిన కథ చూపించాలట. లేకపోతే ఇంటి చదువు రద్దు, మర్నాటి నుంచే బడి. మా అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు. మనిషి మంచివాడే గానీ, చెప్పినచోట ఆగనిదేదైనా చెడిపోయినట్టే అని అతని నమ్మకం. "బడే నయం అత్తయ్యా, కనీసం కూర్చోవడం వస్తుంది," అంటూ ఎప్పటినుంచో సాకు కోసం చూస్తున్నాడు. బొంగరం ఒక ఏడాది బడికెళ్ళింది. బెంచీకి అతుక్కుపోయి, ఇంటికొచ్చినా నోరు విప్పడం మానేసింది. ఆ మౌనం మళ్ళీ చూడ్డం నా వల్ల కాదు.

ఈలోపు నా కుడికాలు విరిగింది. మెట్ల మీద చెప్పు జారిందని అందరికీ చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను, ఇంకేం అడక్కండి.

పిండికట్టు వేసిన కాలు స్టూలు మీద చాపుకుని హాల్లో కూర్చునేదాన్ని. పిల్లలు వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వరండాలోకి, వరండా చుట్టి మళ్ళీ వంటింట్లోకి. రోజంతా ఇదే పరుగు, దానికి అడ్డంగా నా కాలు. దాని మీంచే దూకుతున్నారు! ఒళ్ళు మండిపోయింది నాకు.

"ఆగండర్రా! ఇది టోలుగేటు. డబ్బు కట్టందే బండి కదలదు."

"మా దగ్గర డబ్బుల్లేవు అమ్మమ్మా," అంది బొంగరం, ఉన్నచోటే గెంతుతూ.

"అయితే ఒక వాక్యం కట్టు. ఇదిగో పెన్ను."

"కాగితం?"

ఆ మాట వినగానే మిడత చూపు గుమ్మం వైపు పోయింది. "కాగితం లేదు, నా మొహం లేదు! కట్టు మీద రాసి పోండి," అన్నాను.

వాడు వంగి రాశాడు: 'అమ్మమ్మ మీద విసుగొచ్చి అమ్మమ్మ కాలు ఇల్లు వదిలి వెళ్ళిపోయింది.' రాసి తుర్రుమన్నాడు. వెనకే బొంగరం అందుకుంది: 'దానికి బస్సులో కండక్టరు ఉద్యోగం దొరికింది. చేతులు లేవు కాబట్టి చిల్లర కాలివేళ్ళతో ఇచ్చేది.'

ఇక ఆగితే ఒట్టు. ఒక్కో చుట్టుకి ఒక్కో వాక్యం. నా కాలు ఎన్నికల్లో ఒంటిగా నిలబడి మేయరైంది. కాగానే ఊళ్ళో ఎడమకాలి చెప్పులన్నీ నిషేధించింది. మరి నా సంగతి? నేను గెంతుకుంటూ దాని వెనకాల పడుతున్నాను, పాపిష్టిది తిరిగి చూస్తేనా! అది కథే అయినా నాకు నిజంగానే ఉక్రోషం వచ్చింది.

చోటు చాలక ముగింపు పిక్క కిందికి పోయింది. ఇద్దరూ నేల మీద వెల్లకిలా పడుకుని రాశారు. "ఏం రాశారే?" అంటే చెప్పరు. పైగా దాని మీద రుమాలు కట్టేశారు. నా కాలు, నా కట్టు, ముగింపు మాత్రం నాకే తెలియదు! ఇదెక్కడి అన్యాయమండీ?

తీరా చూస్తే కట్టు తీయాల్సిందీ ఆ సోమవారమే. వాయిదా వేయమని ఫోన్ చేశాను.

"మీకు కాలు కావాలా వద్దా?" అని డాక్టరు కేకలేశాడు.

"ముందు కథ కావాలి డాక్టరుగారూ," అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

సోమవారం పొద్దున్నే అధికారిణి దిగింది. ఇస్త్రీ మడత నలగని మనిషి. "కథ ఏదండీ?" అంది. నా కూతురు గోళ్ళు కొరుక్కుంటూ నా కాలు చూపించింది. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇది ఫైల్లో పెట్టాలి కదండీ?"

"పెట్టండి. దాంతోపాటు నేనూ వస్తాను," అన్నాను.

సరే, డ్యూటీ డ్యూటీయే కదా అని చదవడం మొదలెట్టింది. ఎడమ చెప్పుల దగ్గరికొచ్చేసరికి పెదవి కొరుక్కుంది. ఇంతలో అల్లుడు చక్రాల కుర్చీ తెచ్చి, "అత్తయ్యా, ఆస్పత్రికి టైమైంది," అన్నాడు. ఆస్పత్రి మా వీధి చివరే. "నాదింకా పూర్తి కాలేదు," అని ఆవిడా బయల్దేరింది. అల్లుడు తోస్తున్నాడు, ఆవిడ పక్కనే వంగి చదువుతూ నడుస్తోంది, పిల్లలు మా చుట్టూ పరిగెడుతున్నారు, నా కూతురు వెనకాల దండాలు పెట్టుకుంటూ వస్తోంది. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది.

కట్లు కోసే అతను రంపం మిషను ఆన్ చేశాడు.

"ఆగండాగండి!" అని అరిచింది అధికారిణి. "అక్కడ కోస్తే మేయరు రెండు ముక్కలైపోతాడు. ఇటు పక్క పేరా అయిపోయింది, ఇక్కడ కోయండి."

"ఇన్నాళ్ళూ ఎముక చూసి కోశానమ్మా," అన్నాడతను. "పేరా చూసి కోయడం ఇదే మొదలు."

కట్టు రెండు దొప్పలుగా ఊడొచ్చింది. ఆవిడ రుమాలు విప్పి, ముగింపు పైకి చదివింది: 'కాలు మేయరు పని మానేసి అమ్మమ్మ దగ్గరికి వచ్చేసింది. మెట్ల మీద బంతి వదిలేసింది ఎవరో కాలికి తెలుసు. కానీ ఎవ్వరికీ చెప్పలేదు. అది చాలా మంచి కాలు.'

పిల్లలిద్దరూ కదలకుండా నిలబడ్డారు. వాళ్ళు పుట్టాక ఇద్దర్నీ ఒకేసారి అలా చూడ్డం అదే మొదటిసారి.

"బంతా?" అన్నాడు అల్లుడు. "చెప్పు జారిందన్నారు కదా అత్తయ్యా?"

అధికారిణి పెన్ను తీసినదల్లా ఆగింది. "సొంత కల్పన అయితేనే నేను ఒప్పుకోవాలి. జరిగిందే రాస్తే చెల్లదు. చెప్పండమ్మా, బంతి సంగతి నిజమేనా?"

బొంగరం పెదవులు బిగించింది, ఆ బడి రోజుల్లో బిగించినట్టే.

"బంతీ లేదు, గింతీ లేదు! చెప్పే జారింది," అన్నాను. "కాలు మేయరైందంటే కిక్కురుమనలేదు, బంతి దగ్గరే వచ్చిందా మీకు అనుమానం? వెధవలు ఎంత కల్పించారో చూడండి!"

ఆవిడ నా మొహం చూసింది. పిల్లల మొహాలు చూసింది.

"కల్పనే," అని సంతకం పెట్టింది. రెండు దొప్పలూ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నా కూతురు గోడకి ఆనుకుని, ఏడుపూ నవ్వూ కలిపేసింది. అల్లుడు సంచిలోంచి నా చెప్పు తీసి, అడుగుభాగం ఒకసారి తిప్పి చూశాడు. వంగి నా కాలికి తొడిగాడు.

నడవమన్నారు. బొంగరం ఒక చెయ్యి పట్టుకుంది, మిడత ఒక చెయ్యి పట్టుకున్నాడు. వీధి పొడుగునా నా అడుగులో అడుగేసుకుంటూ వచ్చారు, ఒక్క గెంతు లేదు. నాకేమో భయమేసింది.

"గేటు తీసేశారు కదర్రా, పరిగెత్తండి!" అని కసిరాను.

"నువ్వు ముందు వెళ్ళు అమ్మమ్మా," అన్నాడు మిడత.