గెడకు కట్టిన పురికొస

సత్యవేదం మాస్టారు తెల్లచొక్కాకు మూడోసారి ఇస్త్రీ చేస్తున్నారు. డెబ్బై ఏడేళ్లు వచ్చినా మడత మాత్రం గీత గీసినట్టు రావాలి.

"పక్క కుర్చీలో కూర్చోడానికి ఇంత ఇస్త్రీ ఎందుకండీ?" అంది భార్య సూరమ్మ.

ఆయనకు ఒళ్లు మండింది. ఎక్కడ జెండా ఎగరేసినా మధ్య కుర్చీ లాల్ బాషాదే. డెబ్బై ఒకటి యుద్ధానికి ఏడాది ముందు మాస్టారు మండవల్లి బడిలో పంతులు పని వదిలి సైన్యంలో చేరారు. కొల్లేట్లో చిన్నప్పటి నుంచీ తాటిదోనె నడిపినవాడని శిక్షణ కేంద్రంలోనే ఉంచేశారు. నీళ్లంటే బెదిరే కుర్రాళ్లకు గెడతో దోనె తొయ్యడం, తడి గెడ జారకుండా చేతులు పట్టే రెండుచోట్లా పురికొస చుట్టడం నేర్పారు. వాళ్లలో ఏలూరు కుర్రాడు బాషా ఒకడు. అతను యుద్ధానికెళ్లి కాల్లో తూటాతో, గుండెమీద పతకంతో వచ్చాడు. మాస్టారు జలుబుతో వచ్చారు. ఇప్పటికీ ఆ పతకం కంటబడిన రోజు ఆయనకు అన్నం సయించదు. నేర్పిందెవరో ఒక్కసారైనా చెప్పాడా?

ఈ ఆగస్టు పదిహేనుకు వట్లూరులో కొత్తగా పెట్టిన స్కూలు ఇద్దర్నీ పిలిచింది. బాషా వేళకు రాలేదు. ఒంట్లో బాగాలేదట.

"మాస్టారూ, మీరు చెప్పండి," అంది హెడ్మిస్ట్రెస్ హెప్సిబా.

శిక్షణ గురించే మొదలుపెట్టారు. పిల్లలు కబుర్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి నోటికి వచ్చేసింది: "నది దాటుతుంటే నా కాలికి తూటా తగిలింది." అందరూ గప్‌చుప్. ఇక ఆయన ఆగలేదు. బాషా కథంతా తనదిగా చెప్పేశారు. వేదిక దిగేటప్పుడు కాస్త కుంటుతూ నడిచారు కూడా. స్కూలువాళ్లు శాలువా కప్పారు.

గేటు దగ్గర ఆటోలో బాషా, అతని కూతురు హఫ్సా. అంతా విన్నారు. బాషా కర్ర పొడుచుకుంటూ వచ్చి, మాస్టారి భుజం మీద శాలువా సర్దాడు.

"బాగా చెప్పారండి, మాస్టారూ."

మాస్టారికి సిగ్గేసింది. ఆ పెద్దమనసు మీద కూడా అసూయ పుట్టింది.

సాయంత్రం హఫ్సా ఫోన్ చేసింది. "నమాజు చదువుకుని పడుకున్నారండి. మళ్లీ లేవలేదు."

మాస్టారు శాలువా పట్టుకుని వెళ్లారు. ఇల్లంతా జనం. తన చావుకి ఇందులో సగంమందైనా రారనుకున్నారు. క్షమించమని అడగడానికి వచ్చి, వేరే మాట అడిగేశారు.

"అమ్మా, నాన్నగారు నా పేరు ఎప్పుడైనా చెప్పేవారా?"

హఫ్సా కళ్లు తుడుచుకుంది. "చెప్పేవారు కాదండి. ఆ కర్రకి పురికొస పాతబడితే మాత్రం ఊరుకునేవారు కాదు. దగ్గరుండి కొత్తది కట్టించుకునేవారు."

ఇన్నేళ్లూ పతకం తప్ప ఇంకేదీ చూడని మాస్టారు ఇప్పుడు గోడవైపు చూశారు. ఆనించిన వెదురు కర్రకు పిడి దగ్గర ఒక కట్టు, నడవడానికి ఏమాత్రం అక్కర్లేని చోట, మూరెడు కింద, మరో కట్టు.